కచేరీకి చెట్టునీడ

కోర్టు మెట్లెక్కడమంటే మనవారికి నేటికీ గుండెదడే. వాయిదా పిలుపుకోసం ఎండలో నిలబడే ముసలివారి అవస్థ చెప్పనలవి కాదు.

బెంగుళూరు అఠారా కచేరీని చూడండి. పద్దెనిమిది సర్కారు శాఖలకోసం 1868లో పూర్తయిన ఆ ఎర్రని సౌధమే నేడు కర్ణాటక హైకోర్టు. దానిని ఆనుకొని ఉన్న కబ్బన్ పార్కును మైసూరు ముఖ్య ఇంజనీరు సాంకీ దొర 1870లో వేయించారు. కట్టడం ముందు, తోట తరువాత! కనుక ఉన్న కోర్టులకైనా ఈ భాగ్యం కలిగించవచ్చునని మా మనవి. గేటునుండి గుమ్మందాకా నీడబాట, చెట్లకింద అరుగులు, సాక్షులు కూర్చునే గదికి పచ్చదనం కనిపించే కిటికీ—ఇవి చాలు.

చెట్టు తీర్పును మార్చదు. కాని భయం తీరినవాడు తన మాట తడబడకుండా చెప్పుకోగలడు. రావిచెట్టు కింద రచ్చబండ వేసిన మన పెద్దలకు ఇది తెలియనిదా?