తుపాకి కొట్లో సలహాలు: నమ్మకూడని మాటలు

“ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు.” నెల్లూరు తీరంలో తుపాకుల గురించి తరచూ వినిపించే మాట ఇది. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో దుకాణంలో కౌంటరు వెనకున్న మనిషి ఇదే మాట చెబితే అందులో సగం నిజం ఉంటుంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకూడదు. గుళిక బయటికొచ్చేటప్పుడు దాని శక్తి 20 జౌళ్లు దాటకూడదు. ఈ రెండు హద్దుల్లోపల ఉన్న ఎయిర్‌గన్‌కే లైసెన్సు మినహాయింపు. ఏ ఒక్కటి దాటినా అది లైసెన్సు కావాల్సిన ఆయుధమే. 0.22 అంగుళాల ఎయిర్ రైఫిల్‌ను “దాదాపు అదే సార్, కాస్త బలంగా ఉంటుంది” అని అంటగడితే, కేసు కొన్నవాడి మెడకు చుట్టుకుంటుంది.

లైసెన్సు లేకుండా దొరుకుతుంది కాబట్టి అది ఆటవస్తువే అనుకోవడం మరో పొరపాటు. అర గ్రాము బరువున్న సీసపు గుళిక 20 జౌళ్ల శక్తితో బయల్దేరితే సెకనుకు సుమారు 280 మీటర్ల వేగం అందుకుంటుంది. కన్ను పోవడానికి అందులో నాలుగో వంతు చాలు. పదేళ్ల పిల్లవాడి చేతికి పుట్టినరోజు కానుకగా ఇచ్చే వస్తువు కాదది.

ఇక అసలు నష్టం పక్షులది. “పిట్టల్ని కొట్టుకోవడానికే కదా ఇది” అనే మాట కొట్లో ఎవరూ ఖండించరు. కానీ ఆయుధానికి లైసెన్సు అక్కర్లేకపోవడం వేరు, వేటకు అనుమతి ఉండటం వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తుపాకి రకాన్ని చూడదు. ఎయిర్‌గన్‌తో కొట్టినా, ఉండేలుతో కొట్టినా, వల పన్నినా, విషం పెట్టినా అది వేటే. చంపితేనే నేరం అనుకోవడమూ తప్పే. గాయపరచడం, గుడ్లు పాడుచేయడం కూడా చట్టం దృష్టిలో వేటే. పైగా అభయారణ్యం లోపల వేటాడితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు.

ఈ తీరంలో అభయారణ్యం అంటే దూరాన ఎక్కడో ఉన్న అడవి కాదు. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు, సూళ్లూరుపేట నుంచి తడ దాకా పరుచుకున్న పులికాట్ సరస్సు, రెండూ ఊళ్లను ఆనుకునే ఉన్నాయి. 2022 జిల్లాల విభజనలో సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ పక్షులకు ఆ గీత తెలియదు. నేలపట్టులో గూడు కట్టిన గూడబాతు మేతకు అటు పులికాట్‌కూ పోతుంది, ఇటు పల్లె చెరువులకూ వస్తుంది. చలికాలంలో నేలపట్టు చెరువు గట్టున నిలబడితే నీళ్లలో ఉన్న కడప చెట్ల కొమ్మలు గూళ్లతో, రెట్టలతో తెల్లబడి కనిపిస్తాయి. ఆ రెట్ట కలిసిన నీళ్లు పొలాలకు ఎరువని చుట్టుపక్కల రైతుల నమ్మకం. పక్షులు రావడం శుభమనీ అంటారు. అలాంటి చోట ఒక్క తుపాకి మోత వినిపిస్తే గుంపు మొత్తం ఒక్కసారిగా లేస్తుంది. తల్లి లేచిన గూటిమీద కాకి వాలడానికి నిమిషం పట్టదు. గుండు ఏ పక్షికీ తగలకపోయినా ఆ రోజు కొన్ని గుడ్లు పోయినట్టే.

దుకాణాల్లో దాదాపు ఎవరూ చెప్పని నిబంధన ఒకటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే ఉంది. అభయారణ్యం లోపల గానీ, దానికి 10 కిలోమీటర్ల లోపు గానీ నివసిస్తూ ఆయుధ లైసెన్సు ఉన్నవాళ్లు తమ పేరును వన్యప్రాణి విభాగం దగ్గర కూడా నమోదు చేసుకోవాలని 34వ సెక్షన్ చెబుతుంది. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి ముందే ఉండాలి. పులికాట్ చుట్టుపక్కల ఎన్నో ఊళ్లు ఈ 10 కిలోమీటర్లలోకే వస్తాయి. “కలెక్టర్ సంతకం ఉంటే చాలు” అన్న సలహా ఇక్కడ అసంపూర్ణం.

రొయ్యల గుంటల దగ్గర మరో మాట ప్రచారంలో ఉంది: “గుంట మీద ఎయిర్‌గన్ లేకపోతే తెల్లమచ్చ జబ్బు తప్పదు.” నీటికాకులు, కొంగలు జబ్బుపడిన రొయ్యను ఒక గుంటలో పట్టి ఇంకో గుంటలో జారవిడుస్తాయి, వైరస్ అలా పాకుతుంది. ఆ భయం నిజమే. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు మండలాల్లో గుంట వేసిన ప్రతి రైతుకూ అది తెలుసు. కానీ మందు తుపాకి కాదు. ఒక కొంగను కొడితే సాయంత్రానికి ఇంకో నాలుగు వస్తాయి. దెబ్బ తిన్న పక్షి గుంటలోనే పడితే, ఏ కల్మషానికి భయపడ్డామో అదే నీళ్లలో కలుస్తుంది. కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ వనామీ రొయ్యల సాగు మార్గదర్శకాలు కోరేది పక్షుల్ని బెదరగొట్టే ఏర్పాటును, పీతలు రాకుండా కంచెను. గట్టు నుంచి గట్టుకు వరుసగా తాళ్లు లాగి, గాలికి ఆడే మెరుపు రిబ్బన్లు కట్టడం తుపాకి కంటే చవక. కేసు భయమూ లేదు.

సీసం సంగతి వేరే చెప్పాలి. గురి తప్పిన సీసపు గుళ్లు బురదలో దిగి అక్కడే ఉంటాయి. మేతతోపాటు రాళ్లు మింగే అలవాటున్న బాతులు వాటినీ మింగుతాయి. సీసం రక్తంలో కలిసి రెక్కలు, మెడ వాలిపోయి చస్తాయి. ఈ కారణంగానే అమెరికా 1991 నుంచి నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లను నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల్లో వాటిని ఆపేసింది. “సీసం చిన్నది, ఏం చేస్తుంది” అనే మాటకు అంతకంటే జవాబు అక్కర్లేదు.

పెద్ద తుపాకుల దగ్గరికి వస్తే అపోహలు రెండు రకాలు, చట్టానికి సంబంధించినవి, తుపాకి పనితీరుకు సంబంధించినవి. రెండో రకమే ఎక్కువ ప్రమాదకరం. బ్యాంకు గార్డుల చేతుల్లో కనిపించే 12 బోర్ డబుల్ బ్యారెల్ గురించి “గురి అక్కర్లేదు, అటు తిప్పి మీట నొక్కితే గది మొత్తం ఊడ్చేస్తుంది” అంటారు. ఆ తూటాలోంచి చిన్న గుళ్లు చెదురుతూ వెళ్లే మాట నిజమే. అయితే చెదరడానికి దూరం కావాలి. ఐదు మీటర్ల దూరంలో, అంటే ఇంటి వసారా పొడవులో, అవన్నీ కలిసి దాదాపు అరచేయి వెడల్పులోనే ఉంటాయి. గురి లేకుండా కాలిస్తే దొంగకు కాకుండా గోడకు తగులుతాయి. ఆ గోడ వెనక ఎవరు పడుకున్నారో కాల్చినవాడికి ఆ క్షణంలో గుర్తుండదు.

“గుండు తగిలితే మనిషి ఎగిరి అంత దూరం పడతాడు” అన్నది సినిమా చెప్పిన మాట. కాల్చినవాడి భుజానికి తగిలే తోపు, ఎదుటివాడికి తగిలే తోపు దాదాపు సమానమని న్యూటన్ సూత్రం. 32 గ్రాముల గుళ్లు సెకనుకు 370 మీటర్ల వేగంతో వచ్చి తగిలినా 70 కిలోల మనిషిని సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో కూడా కదిలించలేవు. గుండు చంపేది తోసి కాదు, లోపలి అవయవాల్ని చీల్చి. ఒక్క గుండుతో మనిషి ఆగిపోతాడని నమ్మి ఆయుధం కొనేవాడు తన రక్షణను సినిమా మీద ఆధారపడి లెక్కేస్తున్నాడు.

ఆడవాళ్లకు చిన్న రివాల్వరే సరైనదన్న సలహా 2014లో మరింత పెరిగింది. ఆ ఏడాది కాన్పూర్ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ మహిళల కోసమని 0.32 బోర్ ‘నిర్భీక్’ రివాల్వర్‌ను విడుదల చేసింది. బరువు సుమారు 500 గ్రాములు, ధర లక్షా 22 వేల పైచిలుకు. తేలికగా ఉంటే వాడటం తేలికన్న లెక్క ఇక్కడ కుదరదు. ఒకే తూటాకు తేలికైన తుపాకి ఎక్కువగా వెనక్కి తంతుంది. గొట్టం పొట్టిదైన కొద్దీ గురి కుదరడం కష్టం. హ్యాండ్‌బ్యాగ్ అడుగున తాళాలు, ఫోను కింద ఉన్న రివాల్వర్‌ను తీసేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. ఎవరికైనా అసలు కావాల్సింది సాధన. 2016 నిబంధనలు లైసెన్సు కోరేవాళ్లు ఆయుధ భద్రత శిక్షణ పొందిన ధ్రువపత్రం చూపాలంటున్నాయి. దాన్ని కాగితం తంతుగా ముగించమని చెప్పే డీలరు మంచి డీలరు కాడు.

అన్నింటికంటే ప్రాణాంతకమైన మాట “ఖాళీదే, తూటా లేదు” అన్నది. పిస్టల్ పిడిలోంచి తూటాల మ్యాగజైన్ తీసేస్తే అది ఖాళీ అయినట్టు కనిపిస్తుంది. కానీ గొట్టం మొదట్లోని గదిలో ఒక తూటా మిగిలి ఉండొచ్చు. మ్యాగజైన్ తీసి, పై భాగాన్ని వెనక్కి లాగి పట్టుకుని, ఆ గదిలోకి కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమితే తప్ప పిస్టల్ ఖాళీ అనడానికి వీల్లేదు. డబుల్ బ్యారెల్ అయితే మడత విప్పి రెండు గొట్టాల గుండా వెలుతురు కనిపించాలి. 2024 నవంబరులో అమెరికాలో చదువుతున్న ఒక తెలుగు విద్యార్థి తన తుపాకి శుభ్రం చేసుకుంటుండగా గుండు పేలి చనిపోయాడు. శుభ్రం చేయడానికి ముందు చేసే ఈ పరీక్షకు పది సెకన్లు పడుతుంది.

అమెరికా మాట వచ్చింది కాబట్టి, నెల్లూరు నుంచి అక్కడికి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. “ఇక్కడ ఎవరైనా కొనొచ్చు” అని రూమ్మేట్లు, కొన్ని దుకాణాలవాళ్లు చెబుతారు. కాదు. ఎఫ్-1 విద్యార్థి వీసా, హెచ్-1బి ఉద్యోగ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధించింది. సరదాగా షూటింగ్ రేంజిలో అద్దెకు తీసుకున్నా అదే చట్టం వర్తిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఉల్లంఘనకు 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. చదువు, వీసా, భవిష్యత్తు అన్నీ తుపాకితో దిగే ఒక్క ఫోటో కోసం పోగొట్టుకోవడం తగదు. రేంజిలో ఏరుకున్న తూటా ఒకటి జేబులోనో సంచిలోనో మిగిలిపోయి ఇక్కడి విమానాశ్రయంలో బయటపడితే అదీ చిక్కే. మన ఆయుధ చట్టం కింద తుపాకి లేకున్నా తూటాకూ లైసెన్సు ఉండాలి.

“ఇంట్లోకి వచ్చినవాణ్ని కాల్చినా కేసు ఉండదు” అన్న ధైర్యం మన దగ్గరా వినిపిస్తుంది. ఆత్మరక్షణ హక్కు మన చట్టంలో ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. దోపిడీ, రాత్రివేళ కన్నం వేసి చొరబడటం వంటి సందర్భాల్లో ప్రాణం తీసేంత హక్కూ ఉంది. కానీ 37వ సెక్షన్ గీసిన హద్దుల్లో రెండు ముఖ్యం. పోలీసుల్ని ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు, రక్షణకు అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదు. పారిపోతున్న దొంగ వీపు మీద కాల్చడం రక్షణ కాదు. “దొంగ బయట పడితే లోపలికి లాగెయ్” అన్న సలహా నిర్దోషిని కూడా సాక్ష్యం తారుమారు చేసిన నేరస్థుణ్ని చేస్తుంది.

గాల్లోకి కాలిస్తే ఎవరికీ హాని లేదన్నదీ అంతే. పైకి వెళ్లిన గుండు ఎక్కడో ఒకచోట దిగుతుంది, దిగే వేగం కూడా పుర్రె చిల్లు పడేంత ఉంటుంది. పెళ్లిళ్లలో, వేడుకల్లో నిర్లక్ష్యంగా కాల్చడాన్ని ఆయుధ చట్టానికి చేసిన 2019 సవరణ ప్రత్యేక నేరంగా చేర్చింది. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే సవరణ ఒక్కరి దగ్గర ఉండగలిగే తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. “మూడు దాకా పెట్టుకోవచ్చు” అని ఇంకా చెబుతున్నవాళ్లు పాత చట్టమే చెబుతున్నారు.

చివరిది, పల్లెల్లో పాత ఇళ్లలో ఎక్కువగా ఉండేది, తాతల తుపాకి. “ఆయన పేరు మీద లైసెన్సు ఉందిగా, అటక మీద ఉండనీ” అంటారు. లైసెన్సు మనిషికి ఇస్తారు, కుటుంబానికి కాదు. ఆయన పోయిన రోజే ఆ ఇంట్లో ఆ తుపాకి ఉండటానికి చట్టబద్ధత పోతుంది. లైసెన్సుదారు బతికుండగానే 70 ఏళ్లు నిండినా, ఆ ఆయుధం తన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, వారసుడి పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేసుకునే వీలు 2016 నిబంధనల్లో ఉంది. చాలామంది ఆ వీలు తెలియక నేరంలో పడుతున్నారు. లైసెన్సు లేని తుపాకికి ఇప్పుడు శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లు. అలాంటిది ఇంట్లో ఉన్నవాళ్లు ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ దాన్ని అప్పగించి, రసీదు తీసుకుని, ఆ తర్వాతే వారసత్వ దరఖాస్తు సంగతి చూసుకోవాలి.