గ్రహాంతర దండయాత్ర – సామాన్యుని దృష్టికోణం: ‘వార్ ఆఫ్ ద వరల్డ్స్’ (2005)

హెచ్. జి. వెల్స్ 1898లో పుస్తకంగా వెలువరించిన నవల ఆధారంగా స్టీవెన్ స్పీల్‌బర్గ్ 2005లో ‘వార్ ఆఫ్ ద వరల్డ్స్’ చిత్రాన్ని రూపొందించారు. నిర్మాణవ్యయం 13 కోట్ల డాలర్లకు పైమాటే. ఇంతటి వ్యయంతో వచ్చే గ్రహాంతర దండయాత్ర చిత్రాలలో దేశాధ్యక్షులు, సేనానులు, శాస్త్రజ్ఞులు కథను నడపడం ఆనవాయితీ; ‘ఇండిపెండెన్స్ డే’ (1996) అందుకు నిదర్శనం. స్పీల్‌బర్గ్ ఆ దారి తొక్కలేదు. రేవులో క్రేన్ నడిపే రే ఫెరియర్ చూసినంత మేరకే ప్రేక్షకుడూ చూస్తాడు. సైన్యం కొండకు ఆవల పోరాడుతుంది; ఈవలికి మంటల వెలుగే కనిపిస్తుంది. తొలిదాడి నుండి బయటపడి ఇల్లు చేరిన రే ఒంటినిండా బూడిద, అదీ మనుషుల బూడిద. 2001 సెప్టెంబరు 11 నాటి న్యూయార్క్ దృశ్యాలు ఎరిగినవారికి దానిని విడమరచి చెప్పనక్కరలేదు. చిత్రబలమంతా ఈ సంయమనంలోనే ఉంది.

శత్రువులు సూక్ష్మజీవుల వల్ల నశించడాన్ని లోపంగా ఎంచేవారున్నారు. ఆ ఆక్షేపణ నిలవదు. అది మూలనవలలోని ముగింపే. టాస్మేనియా ఆదివాసుల నిర్మూలనను తొలి అధ్యాయంలోనే గుర్తుచేసిన వెల్స్, దురాక్రమణదారుల ఓటమిని మానవశౌర్యానికి కట్టబెట్టలేదు. యుగాలనాడే భూమిలో పాతిన యంత్రాలు ఎవరికంటా పడకపోవడం అసంభవమే అయినా, అది చిన్న దోషం.

అసలు లోపం రాబీ పునరాగమనం. మంటల వైపు పరుగెత్తిన ఆ కుమారుడు ఏ వివరణా లేకుండా బోస్టన్‌లో క్షేమంగా ప్రత్యక్షమవుతాడు. కూతురి ప్రాణం కోసం నేలమాళిగలో హత్యకు సైతం ఒడిగట్టిన తండ్రి కథ, తాను భరించవలసిన నష్టాన్ని చివరిక్షణంలో రద్దు చేసుకుంది. వెల్స్ కథకునికీ చివర భార్య దక్కుతుంది. కానీ ఆమె మృత్యుముఖంలోకి పరుగెత్తడాన్ని పాఠకుడు చూడలేదు.