ఆకాశం వెలిగితే విమానం నల్లబడుతుంది

విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానాన్ని ఫొటో తీయకుండా వచ్చేసేవాళ్లు ఉండరేమో! తీరా ఇంటికొచ్చి చూసుకుంటే ఆకాశం తెల్లగా మెరిసిపోతుంటుంది. విమానం మాత్రం బొగ్గుముక్కలా ఉంటుంది. దాని ముందు నిలబడ్డ పిల్లల మొహాలూ అంతే.

మామూలుగా అయితే 'పోనీలే' అనుకుందును. కానీ నేను తీయాల్సింది మా పెదమామయ్య కోసం. నౌకాదళంలో ఉన్నప్పుడు అరక్కోణంలో ఈ విమానాలకు మరమ్మతులు చేసేవారాయన. ఇప్పుడు గ్లాకోమాతో చూపు బాగా తగ్గింది. మోకాళ్లు ప్రయాణం చేయనివ్వవు. "చూపు పూర్తిగా పోకముందే దాన్నోసారి చూడాలే అమ్మాయ్" అన్నారు రాజమండ్రి నుంచి ఫోన్లో. బొమ్మ చీకటిగా ఉంటే ఆయనకు ఏమీ ఆనదు. అదీ నా చిక్కు.

ఈ విమానాలు 1988లో మన నౌకాదళంలో చేరాయి. 29 ఏళ్లు జలాంతర్గాముల కోసం సముద్రాన్ని గాలించి 2017 మార్చిలో సెలవు తీసుకున్నాయి. ఆ డిసెంబరులోనే ఒకటి మ్యూజియమై ఇక్కడ కూర్చుంది. పొడవు దాదాపు 53 మీటర్లు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 50 మీటర్లు. నాలుగు ఇంజన్లు. ఒక్కో ఇంజనుకు ఒకదాని వెనక ఒకటి రెండేసి ప్రొపెల్లర్లు... ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. ఇంత భారీ వస్తువుకు ఫోను ఫ్లాషు ఏ మూలకు? కళ్యాణమండపంలో అగ్గిపుల్ల గీసినట్టే!

అసలు తంటా ఎక్కడంటే, కెమెరా ఎదురుగా ఉన్న వెలుగంతటికీ సగటు కట్టుకుంటుంది. సముద్రం ఒడ్డున ఆకాశానిదే పైచేయి కదా, 'అమ్మో ఎంత వెలుగో' అని తగ్గించేస్తుంది. మధ్యలో విమానం చీకట్లో పడుతుంది. అందుకని తెర మీద విమానం పొట్ట ఉన్నచోట వేలితో తాకండి. చాలా ఫోన్లలో పక్కనే సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కాస్త పైకి జరపండి. ఆకాశం పాలిపోతుంది, పోనివ్వండి. మనం వెళ్లింది ఆకాశం కోసం కాదుగా! మబ్బు పట్టిన రోజు అటో ఇటో జరిగి, విమానం వెనక చెట్లో భవనాలో వచ్చేలా చూసుకుంటే ఇంకా మేలు.

సముద్రం తూర్పున ఉంది కనుక పొద్దుటి ఎండ రోడ్డు దాటొచ్చి విమానం మీద పడుతుంది. గేటు తెరవకపోయినా రోడ్డు మీది నుంచి తీసుకోవచ్చు. మిట్టమధ్యాహ్నం రెక్కల కింద నీడ చిక్కబడిపోతుంది. సాయంత్రం సూర్యుడు విమానం వెనక్కి చేరతాడు. అందుకే నేను రెండుసార్లు వెళ్లాను. "మళ్లీనా?" అన్నారు మావారు. ఆటో పిలిచిందీ ఆయనే లెండి.

లోపల వ్యవహారం వేరు. ఇరుకు, వెలుతురు తక్కువ, కిటికీల దగ్గర మాత్రం కళ్లు చెదిరే తెలుపు. ఫ్లాషు ఆపేయాలి. మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి, రెండు సెకన్ల టైమర్ పెడితే మీట నొక్కినప్పటి కుదుపు బొమ్మలోకి రాదు. ఒక్కోటీ నాలుగైదు తీయండి, ఒకటైనా కుదురుతుంది. స్టాండు పెట్టాలనుకుంటే అక్కడి సిబ్బందిని ముందే అడగాలి. అద్దం వెనక ఉన్న వస్తువులకైతే ఫోనును అద్దానికి ఆనించి చుట్టూ కొంగు కప్పేదాన్ని. లేకపోతే విమాన భాగం బదులు మన మొహమే పడుతుంది. కావాలనే ఆ రోజు ముదురు నీలం చీర కట్టుకెళ్లాను. లేత రంగు కొంగైతే అదీ అద్దంలో మెరుస్తుంది మరి!

మంచివి ఏరి, మెరుపు లేని కాగితం మీద పెద్దవిగా వేయించి పంపాను. నిగనిగలాడే కాగితమైతే దీపం వెలుగు తగిలి మామయ్య కళ్లకు ఇంకా ఇబ్బంది. రెండు రోజులకి ఫోను.

"ప్రొపెల్లర్లు తెలుస్తున్నాయే. కిటికీ దగ్గరకెళ్లి చూస్తే రెక్క అంచు కూడా కనిపించింది. చక్రాల దగ్గర ఇంకోటి తీసి పంపు. నా నడుం విరిగింది అక్కడే!"

రెక్క కింద నీడలో ఉంటాయి చక్రాలు. తెల్లవారగానే అయితే ఎండ ఏటవాలుగా కిందికి దూరుతుంది. ఆదివారం ఆరున్నరకల్లా అక్కడుండాలి. మావారికి ఇంకా చెప్పలేదు.