ఆరింటి కాఫీ పదకొండింటికి ఎక్కడుంటుంది?

మా నెల్లూరు వైపు ఇంటికొచ్చిన వాళ్లని ‘కాఫీ తాగుతారా?’ అని అడగడం ఒట్టి మర్యాద కోసమే. మీరు జవాబు చెప్పేలోపే పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి. వద్దన్నారనుకోండి, ‘ఏంది, మా ఇంట్లో కాఫీ బాగుండదా?’ అని నొచ్చుకుంటారు. పక్కనే చెన్నై ఉంది కదా, ఫిల్టర్ కాఫీ అలవాటు మాకు బాగానే అంటింది. పొద్దున్నే డికాక్షన్ దిగితేగానీ తెల్లారని ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి.

ఆ పొద్దుటి కాఫీతో పెద్దగా పేచీ లేదు. అసలు కథ పొద్దుగూకాక మొదలవుతుంది. మా కొడవలూరు మండలంలో రాత్రిళ్లు మేలుకునేవాళ్లు తక్కువేం కాదు. నార్త్ రాజుపాలెం మీదుగా చెన్నై-కోల్‌కతా హైవే మీద లారీలు రాత్రంతా నడుస్తూనే ఉంటాయి. సముద్రం వైపు వెళ్తే రొయ్యల చెరువుల గట్ల మీద కాపలావాళ్లు కనిపిస్తారు. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, లక్షల పెట్టుబడి తెల్లారేసరికి తేలిపోతుంది. ఇక ఇంట్లో కూర్చునే అమెరికా టైమ్‌కి మీటింగుల్లో ఉండే నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లం. నీట్‌కీ, గ్రూప్స్‌కీ చదివే పిల్లలు. పనులు వేరు గానీ నిద్ర ఆపుకోవడానికి అందరూ పట్టుకునేది ఒకటే... కాఫీ గ్లాసు.

మరి ఆ గ్లాసు మనకు నిజంగా శక్తినిస్తోందా? లోపల ఏం జరుగుతోందో ఓసారి చూద్దాం.

సీటులో కర్చీఫ్

పొద్దున కళ్లు తెరిచినప్పటి నుంచీ మన మెదడులో అడినోసిన్ అనే పదార్థం మెల్లమెల్లగా పోగవుతూ ఉంటుంది. మెదడు పని చేసేకొద్దీ, శక్తి ఖర్చయ్యేకొద్దీ ఇది పెరుగుతుంది. మెదడు కణాల మీద దీనికోసం రిసెప్టర్లు ఉంటాయి. వాటిని సీట్లు అనుకోండి. అడినోసిన్ వెళ్లి ఆ సీట్లలో కూర్చునేకొద్దీ ‘ఇక చాలు, పడుకో’ అన్న కబురు అందుతుంది. ఆవలింతలు, బరువెక్కే కళ్లు అన్నీ దాని పనే. నిద్రపోతే ఈ అడినోసిన్ తగ్గిపోతుంది. అందుకే పొద్దున్నే తేలిగ్గా లేస్తాం.

కెఫీన్ అచ్చం అడినోసిన్‌ని పోలి ఉంటుంది. వెళ్లి ఆ సీట్లు ఆక్రమిస్తుంది కానీ, నిద్ర కబురు మాత్రం అందించదు. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతారు చూడండి... సరిగ్గా అదే పని. కర్చీఫ్ ఉన్నంతసేపూ అసలు ప్రయాణికుడు నిలబడే ఉంటాడు.

ఇక్కడే ఓ మెలిక ఉంది. అడినోసిన్ ఎక్కడికీ పోలేదు, పైగా ఇంకా పోగవుతూనే ఉంది. కెఫీన్ ప్రభావం తగ్గి కర్చీఫ్ తీయగానే ఆ జనమంతా ఒక్కసారిగా సీట్ల మీద పడతారు. కాఫీ తాగిన కొన్ని గంటలకి ఒళ్లంతా నీరసంగా వాలిపోయేది అందుకే. అంటే కాఫీ అలసటని తీర్చలేదు, ఫోన్‌లో నోటిఫికేషన్‌ని మ్యూట్ చేసినట్టు దాచిందంతే. మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, మనకి వినపడటం లేదు.

ఈ కెఫీన్‌ని తొలిసారి విడదీసింది 1819లో, జర్మనీకి చెందిన రుంగే అనే కుర్ర శాస్త్రవేత్త. కాఫీ గింజలిచ్చి ‘వీటి సంగతేంటో చూడు’ అని ప్రోత్సహించింది మహాకవి గోథే!

హాఫ్ లైఫ్ లెక్క

కాఫీ తాగిన ముప్పావు గంటకి అటూ ఇటూగా కెఫీన్ రక్తంలో గరిష్ఠానికి చేరుతుంది. అక్కడి నుంచి దిగడం మాత్రం చాలా నెమ్మది. ఇంటర్ కెమిస్ట్రీలో అర్ధాయువు లెక్కలు చేశాం కదా, అదే ఇక్కడా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో కెఫీన్ హాఫ్ లైఫ్ సుమారు 5 గంటలు.

సాయంత్రం 6కి వంద మిల్లీగ్రాముల కెఫీన్ ఉన్న కాఫీ తాగారనుకోండి. రాత్రి 11కి ఇంకా 50 మిల్లీగ్రాములు ఒంట్లోనే ఉంటాయి. తెల్లవారుజామున 4కి 25. ఇంకోలా చెప్పాలంటే, ఆరింటికి కప్పు కాఫీ తాగిన మనిషి పదకొండింటికి అరకప్పు తాగి పక్క మీదకి చేరినట్టు!

2013లో అమెరికాలో జరిగిన ఓ అధ్యయనంలో 400 మిల్లీగ్రాముల కెఫీన్‌ని పడుకోవడానికి 6 గంటల ముందు ఇచ్చి చూశారు. అంత ముందు ఇచ్చినా నిద్ర గంటకు పైగా తగ్గిపోయింది. ‘నేను కాఫీ తాగినా హాయిగా నిద్రపోతా’ అనేవాళ్లు మన ఇళ్లలో ఉంటారు. నిద్ర పట్టడం వేరు, గాఢంగా పట్టడం వేరు. కెఫీన్ గాఢ నిద్ర భాగాన్ని తగ్గిస్తుంది. ఎనిమిది గంటలు పడుకుని లేచినా పొద్దున్నే ఒళ్లు బరువుగా ఉంటే, దాన్ని దులుపుకోవడానికి మళ్లీ కాఫీ. ఆ కాఫీ వల్ల మళ్లీ రాత్రి నిద్ర పలచన. ఇలా చక్రం తిరుగుతూ ఉంటుంది.

అందరిలోనూ ఈ 5 గంటల లెక్క ఒకేలా ఉండదు. కెఫీన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ కాలేయంలో ఉంటుంది. దాని వేగం మనిషిని బట్టి మారుతుంది. పొగతాగేవాళ్లలో కెఫీన్ దాదాపు రెట్టింపు వేగంతో కరిగిపోతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. గర్భిణుల్లో, చివరి నెలల్లో హాఫ్ లైఫ్ 15 గంటల దాకా సాగొచ్చు. ‘మా రూమ్మేట్ రాత్రి పదికి తాగి కూడా గురక పెడతాడు’ అని మీరు కాపీ కొట్టకండి. వాడి కాలేయం వేరు, మీ కాలేయం వేరు.

గ్లాసులో ఎంతుంది?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. దాని ప్రకారం 150 మిల్లీలీటర్ల కప్పులో...

- డికాక్షన్ కాఫీ అయితే 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్
- ఇన్‌స్టంట్ కాఫీ అయితే 50 నుంచి 65
- టీ అయితే 30 నుంచి 65

రోజుకి 300 మిల్లీగ్రాములు దాటొద్దని ఆ సంస్థ సలహా. అంటే చిక్కటి ఫిల్టర్ కాఫీ మూడు కప్పులకే కోటా అయిపోయినట్టు. పైన టీలు, కోలాలు తాగితే అవీ ఇదే ఖాతాలో పడతాయి. కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది, స్ట్రిప్ వెనక చదివి చూడండి.

పొడిని బట్టి కూడా లెక్క మారుతుంది. రోబస్టా గింజల్లో అరబికా కంటే దాదాపు రెట్టింపు కెఫీన్ ఉంటుంది. 2019లో జీఐ గుర్తింపు పొందిన మన అరకు కాఫీ అరబికానే. చికోరీ అనేది ఓ మొక్క వేరు, అందులో కెఫీన్ ఉండదు. మన దేశంలో కాఫీ-చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చు. కాబట్టి ‘స్ట్రాంగ్‌గా ఉంది’ అనిపించే నల్లటి డికాక్షన్‌లో కెఫీన్ ఎక్కువుందని గ్యారంటీ ఏం లేదు. రంగు చూసి మోసపోవద్దు, ప్యాకెట్ మీద శాతం చూడండి.

ఎనర్జీ డ్రింకుల విషయానికొస్తే, మన నిబంధనల ప్రకారం లీటరుకి 300 మిల్లీగ్రాముల వరకూ కెఫీన్ ఉండొచ్చు. పావు లీటరు డబ్బాలో 75 దాకా అన్నమాట. ఇవి పిల్లలకీ, గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ తగవని డబ్బా మీదే రాసుంటుంది. చిన్న అక్షరాల్లో కాబట్టి ఎవరూ చదవరు.

హైవే మీద కాఫీ

రాత్రి డ్రైవింగ్‌లో కళ్లు మూతలు పడుతుంటే ధాబా దగ్గర ఓ కాఫీ కొట్టి వెంటనే స్టీరింగ్ పట్టుకోవడం మామూలే. ఇందులో ప్రమాదం ఏంటంటే, కెఫీన్ పనిచేయడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఆ అరగంటలో లారీ పాతిక కిలోమీటర్లు వెళ్లిపోతుంది. రెండు మూడు సెకన్ల కునుకు చాలు, బతుకులు తారుమారవడానికి.

దీనికి పరిశోధకులు చూపించిన ఉపాయం ఒకటుంది. 1997లో ఇంగ్లండ్‌లోని లాఫ్‌బరో యూనివర్సిటీలో, నిద్రమత్తులో ఉన్న డ్రైవర్లకి 200 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి, వెంటనే పావుగంట లోపు కునుకు తీయమన్నారు. తర్వాత సిమ్యులేటర్‌లో కూర్చోబెడితే తప్పులు బాగా తగ్గాయి. కునుకులో కొంత అడినోసిన్ తగ్గుతుంది, లేచేసరికి కెఫీన్ సీట్లలోకి చేరుతుంది. కాబట్టి కాఫీ తాగి, బండి పక్కన ఆపి, పావుగంటకి అలారం పెట్టుకుని కళ్లు మూసుకోండి. ఇది కూడా కాసేపటికే పనికొస్తుంది, రాత్రంతా కాదు.

దడ, చిరాకు, తలనొప్పి

కెఫీన్ మెదడుతో ఆగదు. అడ్రినలిన్‌ని పెంచుతుంది. అలవాటు లేనివాళ్లలో బీపీ కాసేపు పెరుగుతుంది. కొందరికి గుండె దడ, చేతుల వణుకు, కడుపులో మంట వస్తాయి. ఇవన్నీ ఆందోళనలో కనిపించే లక్షణాలే కదా. ఇంటర్వ్యూకో, పరీక్షకో ముందే టెన్షన్‌గా ఉన్న మనిషి రెండు కాఫీలు తాగితే, ఏది భయమో ఏది కెఫీనో తెలియని పరిస్థితి. ఆందోళన సమస్య ఉన్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఈ గ్లాసునే.

పోనీ ఒక్కరోజులో మానేద్దామంటే అదీ ఇబ్బందే. రోజూ తాగేవాళ్లు హఠాత్తుగా ఆపితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. చిరాకు, మత్తు, ఏకాగ్రత లేకపోవడం తోడవుతాయి. కొన్ని రోజుల్లో అదే తగ్గుతుంది. ‘కాఫీ పడకపోతే తల పగిలిపోద్ది’ అనేది వేషం కాదు, 2013 నుంచి మానసిక వైద్యుల గ్రంథంలోనే ఉన్న సమస్య. మానాలంటే రోజుకి అరకప్పు చొప్పున తగ్గించుకుంటూ రావడం మేలు.

టిఫిన్ పక్కన గ్లాసు

ఇడ్లీ అయిపోగానే కాఫీ పడాల్సిందే మనకి. కానీ కాఫీ, టీల్లోని టానిన్లు ఆహారంలోని ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే కాఫీ తాగితే మాత్ర ఫలితం చాలావరకు పోయినట్టే. అందుకే భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీలు వద్దని జాతీయ పోషకాహార సంస్థ చెప్పింది. గర్భిణులైతే రోజుకి 200 మిల్లీగ్రాములు మించొద్దని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో సూచించింది.

మంచి లేదా మరి?

ఎందుకు లేదు! మితంగా కాఫీ తాగేవాళ్లలో టైప్-2 షుగర్, పార్కిన్సన్స్, కాలేయ జబ్బుల ముప్పు తక్కువగా కనిపిస్తోందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. అలాగని గ్లాసుకి మూడు చెంచాల చక్కెర వేసి ఆ మేలు లెక్కలో రాసుకోకండి. నెలలు నిండకుండా పుట్టిన పసికందులు ఊపిరి తీయడం మర్చిపోతుంటే డాక్టర్లు ఇచ్చే మందు కూడా కెఫీనే. ఇంకోటి, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం కాఫీకి క్యాన్సర్ మచ్చ తీసేసింది. కానీ 65 డిగ్రీలు దాటిన ఏ పానీయమైనా అన్నవాహికకి మంచిది కాదని హెచ్చరించింది. పొగలు కక్కేది గొంతులో పోసుకోకుండా, ఓసారి గ్లాసులోంచి డవరాలోకి తిరగబోసి తాగండి. మన పెద్దల పద్ధతే!

లెక్క మార్చుకుందాం

‘రోజుకి ఎన్ని కప్పులు?’ అన్న ప్రశ్నతో పాటు ‘చివరి కప్పు ఎప్పుడు?’ అని కూడా అడుక్కోండి. పడుకునే టైమ్‌కి ఎనిమిది గంటల ముందు గీత గీసుకోండి. రాత్రి 11కి పడుకునేవాళ్లకి అది మధ్యాహ్నం 3. నైట్ షిఫ్ట్ చేసి తెల్లవారుజామున 4కి పడుకునేవాళ్లకి రాత్రి 8. షిఫ్ట్ చివర్లో, ఇంటికెళ్లే ముందు తాగే కాఫీయే పగటి నిద్రని ఎక్కువగా తినేస్తుంది. పరీక్షలకి చదివేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి రెండు గంటల కాఫీతో అదనంగా చదివిన పాఠం, ఆ నిద్ర పోతే పరీక్ష హాల్లో దొరకదు.

చెరువు గట్టున కాపలా ఉండేవాళ్లకీ, బండి నడిపేవాళ్లకీ ‘తొందరగా పడుకోండి’ అని చెప్పడం తేలిక. వాళ్ల పనే రాత్రి పని. వాళ్లకి కావాల్సింది ఇంకో గ్లాసు కాదు, వంతుకి ఇంకో మనిషి. ఇద్దరు చెరో సగం రాత్రి పంచుకుంటే, ఓనర్ అందుకు ఒప్పుకుంటే, ఏరేటరూ ఆగదు, మనిషీ ఆగడు. కాఫీ కొన్ని గంటలు అప్పిస్తుంది. ఆ బాకీ నిద్రతోనే తీరుతుంది, ఇంకో కాఫీతో తీరదు.