హైబ్రిడ్ వాహనం

కూడలిలో ఎర్రదీపం వెలగగానే వాహనాలు ఆగుతాయి. చక్రాలు ఆగినా చాలా వాహనాలలో ఇంజను ఆగదు. పెట్రోలు ఊరకే దహనమవుతూ ఉంటుంది. అంతకు మించిన నష్టం మరొకటి ఉంది. ఇంధనాన్ని వెచ్చించి సంపాదించిన గతిశక్తి, బ్రేకు వేయగానే ఘర్షణ వల్ల ఉష్ణంగా మారి గాలిలో కలిసిపోతుంది. ఈ రెండు నష్టాలనూ తగ్గించడానికి రూపొందినదే హైబ్రిడ్ వాహనం.

రెండు జాతుల గుణాలను కలిపి సంకరజాతి వంగడాన్ని సృష్టించినట్లే, పెట్రోలు ఇంజనును, విద్యుత్ మోటారును ఒకే వాహనంలో సమకూర్చడం వల్ల దీనికి ఆ పేరు వచ్చింది. ఈ ఆలోచన కొత్తది కాదు. 1900 ప్రాంతంలోనే ఫెర్డినాండ్ పోర్షే ఆస్ట్రియాలో ఇటువంటి వాహనాన్ని నిర్మించాడు. అయితే 1997లో టొయోటా సంస్థ జపానులో 'ప్రియస్' కారును విడుదల చేసిన తరువాతనే ఇది సామాన్య వినియోగంలోకి వచ్చింది.

తక్కువ వేగంలో ఇంజను ఇంధనాన్ని పొదుపుగా వాడలేదు. మోటారు మాత్రం నిలిచి ఉన్న స్థితి నుండే బలంగా లాగగలదు. అందువల్ల ప్రియస్ సాధారణంగా మోటారుతో కదులుతుంది. వేగం పెరిగినప్పుడు ఇంజను మేల్కొంటుంది. ఈ రెండింటినీ కలిపేది గ్రహచక్ర అమరిక. సూర్యుని చుట్టూ గ్రహాల వలె, మధ్యనున్న పళ్లచక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరుగుతాయి. మధ్యచక్రం జనరేటరుకు, చిన్న చక్రాల చట్రం ఇంజనుకు, వెలుపలి వలయం మోటారుకు, కారు చక్రాలకు అనుసంధానమై ఉంటాయి. అందుచేత ఇంజను శక్తిలో కొంత నేరుగా చక్రాలకు చేరుతుంది. మిగిలినది విద్యుత్తుగా మారుతుంది.

బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారుతుంది. చక్రాలు దానిని తిప్పగా పుట్టిన విద్యుత్తు బ్యాటరీలో నిలువ ఉంటుంది. ఆ ప్రయత్నంలో వాహన వేగమూ తగ్గుతుంది. గతిశక్తి అంతా తిరిగి రాదు. హఠాత్తుగా ఆపవలసినప్పుడు సాధారణ బ్రేకులూ పనిచేయక తప్పదు.

బయటి నుండి చార్జి చేయని హైబ్రిడ్‌లో బ్యాటరీ శక్తికి మూలం కూడా పెట్రోలే. కాబట్టి ఇది కొత్త శక్తిని సృష్టించదు. ఉన్నదానిని వృథా కానీయదు. మాటిమాటికీ ఆగవలసిన నగరవీథులలో దీని ప్రయోజనం అధికం; ఆగకుండా సాగే రహదారిపై స్వల్పం.

భూగర్భంలో పెట్రోలియం ఏర్పడడానికి కోట్ల సంవత్సరాలు పట్టింది. దాని శక్తిని వేడిగాలిగా మార్చడానికి బ్రేకు నొక్కిన క్షణం చాలు. హైబ్రిడ్ వాహనం ఆ క్షణాన్నే పొదుపుగా మలచుకుంటుంది.