రెజిన్‌కు తగిన తోడు

ఇంటిపట్టున ఉండి రెజిన్‌తో ట్రేలూ, తాళంచెవి గొలుసులూ, పూలు పొదిగిన పలకలూ చేసి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్న చెల్లెళ్ళు ఈమధ్య చాలామందే ఉన్నారు. ఈ మాటలు వారికోసం.

కిందటేడు మే నెలలో నేనూ ఒక ట్రే పోద్దామని కూర్చున్నాను. తొందరగా అయిపోతుంది కదా అని, అతికించడానికి వాడే హార్డెనర్ తెచ్చి, రెజిన్‌తో పావుకిలో ఒకేసారి కలిపేశాను. కాసేపటికే గిన్నె ముట్టుకోలేనంత వేడెక్కి, పొగలు వచ్చి, అంతా గడ్డకట్టుకుపోయింది. తప్పు రెజిన్‌ది కాదు, నా ఎంపికది!

ఎపాక్సీ రెజిన్, హార్డెనర్ కలిస్తే రెండింటి అణువులూ వలలాగ అల్లుకుంటాయి. అల్లుకునేటప్పుడు వేడి పుడుతుంది. ముద్ద పెద్దదైతే ఆ వేడికి బయటికి దారి ఉండదు.

పాలకు తోడు ఎక్కువ వేస్తే పెరుగు త్వరగా తోడుకుంటుంది. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. హార్డెనర్ తానే వలలో భాగమవుతుంది. ఎక్కువైనా, తక్కువైనా జిగురుగానో మెత్తగానో ఉండిపోతుంది. అందుకే డబ్బామీద చెప్పిన కొలతే వాడాలి. బరువు లెక్క చెబితే త్రాసులో తూచండి, గ్లాసుతో కొలవకండి.

ఇక ఏ పనికి ఏది? అలిఫాటిక్ అమైన్లు మామూలు వేడిలోనే త్వరగా బిగుస్తాయి. చిన్న అతుకులకు మంచివి. పాలీఅమైడ్లు నిదానం, కాస్త వంగే గుణం ఉంటుంది, తేమకు ఓర్చుకుంటాయి, కాని రంగు పసుపు. అద్దంలా ఉండాల్సిన ట్రేలకు సైక్లోఅలిఫాటిక్ అమైన్ల రకం, అందులోనూ నిదానంగా బిగిసేది అడగండి. ఆన్‌హైడ్రైడ్లకు 100 డిగ్రీలు దాటిన వేడి కావాలి. స్విట్జర్లాండ్‌లో పియరీ కాస్తాన్ 1930లలో కట్టుడుపళ్ళకోసం ఎపాక్సీని గట్టిపరచింది ఈ రకంతోనే. ఇవాళ ఇవి విద్యుత్ పరికరాల కర్మాగారాలవి. మన వంటింటివి కావు.

వేడి 10 డిగ్రీలు పెరిగితే బిగిసే సమయం ఇంచుమించు సగమవుతుంది. కనుక ఎండాకాలంలో తెల్లవారుజామునే, కొంచెం కొంచెంగా కలపండి. వానాకాలంలో పైన తెల్లని జిడ్డుపొర కడితే, గట్టిపడ్డాక గోరువెచ్చని నీళ్ళతో కడిగి, ఆరాకే రెండో పూత వేయండి.

మామూలు వేడిలో బిగిసిన రెజిన్ 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడవచ్చు. పొగలుకక్కే కాఫీ గ్లాసు పెడితే మచ్చ పడుతుంది. కొనేవారికి ఆ మాట ముందే చెప్పండి. మన మాట నిలబడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం మీ చర్మం సుమా! రెజిన్, హార్డెనర్ పదేపదే తగిలితే దురద, దద్దుర్లు వస్తాయి. ఒకసారి ఆ ఎలర్జీ పట్టుకుంటే సాధారణంగా జన్మంతా వదలదు. తర్వాత చుక్క తగిలినా చాలు, ఆ పనే మానుకోవలసి రావచ్చు. నైట్రైల్ తొడుగులు వేసుకోండి, కిటికీలు తెరవండి, అంటితే థిన్నర్‌తో కాక సబ్బునీళ్ళతో కడగండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. సంపాదన రేపైనా వస్తుంది. చేతులు మాత్రం ఇవే కదా!