నేలను వదలని చక్రాలు

నిర్మల్ నుంచి ఆదిలాబాద్ వెళ్ళే పాత దారిలో మహబూబ్ ఘాట్ ఉంది. ఘాట్ దిగే బస్సులో ఎప్పుడైనా కూర్చున్నారా? డ్రైవరు బ్రేకు వేయగానే మనం ముందుకు తూలుతాం. బస్సు ముక్కు కూడా కొంచెం కిందికి వంగుతుంది. మలుపు తిరిగేటప్పుడు బస్సు ఒక పక్కకు ఒరుగుతుంది. జడత్వం వల్ల భారం అటూ ఇటూ మారుతుంది. ఎక్కువ భారం పడిన వైపు స్ప్రింగు నొక్కుకుపోతుంది.

మరి బస్సు కన్నా ఎన్నో రెట్లు వేగంగా పోయే రేసుకారుకు స్ప్రింగులెందుకు? డ్రైవరు హాయిగా కూర్చోవడానికా? కాదు. టైర్లు నేలను వదలకుండా ఉండటానికి!

కారును నడిపించేదీ, తిప్పేదీ, ఆపేదీ టైరుకూ నేలకూ మధ్య ఉండే ఘర్షణే. ముందు చక్రాలు నేలను వదిలిన క్షణంలో స్టీరింగు ఎంత తిప్పినా కారు తిరగదు. గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంలో ఆ ఒక్క క్షణం చాలు, ప్రాణాల మీదికి రావడానికి.

ఒకే ఇరుసు నుంచి విడి చక్రాలకు

కరీంనగర్ పల్లెల్లో తిరిగిన ఎడ్లబండికి స్ప్రింగులు లేవు. రెండు చక్రాలకూ ఒకటే ఇరుసు. ఒక చక్రం రాయెక్కితే బండి మొత్తం ఒరిగిపోయేది. లారీలకు ఇరుసు మీద కమాను కట్టలు వేశారు. కుదుపు తగ్గింది. కాని ఒక చక్రం లేస్తే ఇరుసు వాలి, రెండో చక్రం కూడా వంగుతుంది.

రేసుకారులో ముందు చక్రాలను కలిపే ఇరుసు ఉండదు. ప్రతి చక్రాన్నీ 'వి' ఆకారంలో ఉన్న రెండు చేతులు, పైన ఒకటి, కింద ఒకటి, పట్టుకుని ఉంటాయి. కోడి ఛాతీ ఎముకలా ఉంటాయి కాబట్టి వీటిని విష్‌బోన్లంటారు. తలుపు మడతబందు మీద తిరిగినట్టు ఇవి పైకీ కిందికీ కదులుతాయి. ఒక చక్రం గతుకులో దిగినా రెండోది నిలకడగా ఉంటుంది. పై చేతిని కింది చేతికన్న కొంచెం పొట్టిగా చేస్తారు. అందువల్ల మలుపులో కారు ఒరిగినా, బయటి వైపు టైరు అంచు మీద నిలబడకుండా నేలకు చక్కగా ఆనుతుంది.

ఒక చిన్న లెక్క

1000 కిలోల కారు ఒకటి అనుకుందాం. ముందు చక్రాల మీద 500, వెనుక చక్రాల మీద 500 కిలోల భారం ఉంది. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లు. గరిమనాభి నేలకు 0.4 మీటర్ల ఎత్తున ఉంది. గురుత్వ త్వరణానికి సమానమైన రేటుతో వేగం తగ్గేలా బ్రేకు వేస్తే, ముందుకు మారే భారం 1000 × 0.4 ÷ 2.5 = 160 కిలోలు. అంటే ముందు చక్రాల మీద 660, వెనుక 340! కారును మెరుగుపరచేవారు ముందు చక్రాల మీద అంత శ్రద్ధ పెట్టేది ఇందుకే.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. మన దేశంలో ఈ పందెం జరగడం అదే మొదటిసారి. ఊరి రోడ్ల మీదనే వేసిన దారి అది. చుట్టు పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు, మలుపులు 18. ఫ్రాన్సు డ్రైవరు జీన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లలో ముందు వైపు కూడా ఒక మోటారు ఉంది. వేగం తగ్గించేటప్పుడు అది 250 కిలోవాట్ల దాకా విద్యుత్తును తయారుచేసి బ్యాటరీకి పంపగలదు. ముందు టైర్లు నేలను గట్టిగా పట్టుకుంటేనే ఆ పని జరుగుతుంది.

గట్టి స్ప్రింగు వేస్తే సరిపోదా?

గట్టి స్ప్రింగు వేస్తే ముక్కు వంగడం తగ్గుతుంది. కాని మారే భారం తగ్గదు. పై లెక్కలో స్ప్రింగు ఊసే లేదు, గమనించారా? ఆ భారం తగ్గాలంటే గరిమనాభిని కిందికి దించాలి. అందుకే రేసుకార్లు నేలకు అంటుకున్నట్టుంటాయి.

పైగా స్ప్రింగు మరీ గట్టిదైతే గతుకుల మీద చక్రం ఎగిరెగిరి పడుతుంది, పట్టు పోతుంది. నున్నని పందెపు దారికి గట్టి స్ప్రింగు, గతుకుల రోడ్డుకు కొంచెం మెత్తనిది కావాలి.

స్ప్రింగు ఒక్కటి మార్చినా చాలదు. నొక్కి వదిలిన స్ప్రింగు ఊగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేది షాక్ అబ్జార్బరు. దాని గొట్టంలోని చమురు సన్నని రంధ్రాల గుండా దూరుతూ ఊగే శక్తిని ఉష్ణంగా మారుస్తుంది. స్ప్రింగు గట్టిదనం పెంచితే దానికి తగిన షాక్ అబ్జార్బరు కూడా వేయాలి.

మీరే చేసి చూడండి

రబ్బరు బ్యాండుకు ఒక చిన్న రాయి కట్టి వేలాడదీయండి. కొంచెం లాగి వదలండి. పది సెకన్లలో ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టండి. ఇప్పుడు అలాంటివే రెండు బ్యాండ్లు పక్కపక్కన కట్టి చూడండి. గట్టిదనం రెండింతలయింది, మరి ఊగడం కూడా రెండింతలయిందా? కాలేదు, సుమారు 1.4 రెట్లే అవుతుంది. తరువాత రాయి నీళ్ళలో మునిగేలా బక్కెట్టు పెట్టి మళ్ళీ లాగి వదలండి. నాలుగైదు ఊపులకే నిలిచిపోతుంది. షాక్ అబ్జార్బరులో చమురు చేసే పనే బక్కెట్టులో నీరు చేసింది.